జాబితాలో మన పేర్లు లేవు

స్టార్ ట్రెక్ సీరియల్లో ‘ఎ టేస్ట్ ఆఫ్ ఆర్మగెడాన్’ అనే ఎపిసోడ్ 1967 ఫిబ్రవరి 23న అమెరికా టీవీలో వచ్చింది. ఎమినియార్, వెండికార్ అని రెండు ఇరుగుపొరుగు గ్రహాలు. వాటి మధ్య 500 ఏళ్లుగా యుద్ధం. అయినా ఎక్కడా బాంబు పడదు, గోడ కూలదు, పొగ లేవదు. రెండు గ్రహాల కంప్యూటర్లూ కలిసి దాడిని లెక్కగడతాయి. ఫలానా చోట బాంబు పడి ఉంటే ఎవరెవరు పోయేవారో పేర్లతో సహా తేలుస్తాయి. ఆ పేర్లున్నవాళ్లు 24 గంటల్లోగా తమంతట తామే నడిచి వెళ్లి ఒక యంత్రం గదిలోకి అడుగుపెట్టాలి. లోపలికి వెళ్లినవాళ్లు మళ్లీ రారు. ఊరు మాత్రం చెక్కుచెదరదు. మర్నాడు కొట్లు తెరుస్తారు, పనులు నడుస్తాయి.

ఈ ఎపిసోడ్ వచ్చేనాటికి వియత్నాంలో అమెరికా బాంబులు కురుస్తున్నాయి. ఇవాళ ఎంతమంది శత్రువులు చచ్చారన్న అంకెతోనే గెలుపును కొలుస్తున్న రోజులు. కథ రాసిన రాబర్ట్ హ్యామ్నర్, జీన్ ఎల్. కూన్ చెప్పదలచుకున్నది సూటిగానే ఉంది. యుద్ధంలోంచి నెత్తురూ రోతా తీసేస్తే దాన్ని ఆపాలన్న తొందర ఎవరికీ ఉండదు, శుభ్రంగా ఉన్న యుద్ధం ఎన్ని వందల ఏళ్లయినా సాగుతుంది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తుంటే, 2025 మే నెలలో కెనడాలో మిల్టన్‌లోని మన తెలుగువాళ్లం ఎలా ప్రవర్తించామో అందులో కనబడింది. ఆ రోజుల గురించి మనం ఇప్పటిదాకా ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాలి.

ఆ ఏడాది ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. పోయినవాళ్లలో విశాఖపట్నం మనిషి ఉన్నాడు, కావలి మనిషి ఉన్నాడు. మన కడుపు మండింది. ఆ మంట న్యాయమైనదే, దాని గురించి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. మే 7 తెల్లవారుజామున మన సైన్యం పాకిస్తాన్ మీద దాడులు మొదలుపెట్టిన దగ్గర్నుంచి మనం చేసినదానికి మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి.

మే 8 రాత్రి భారతదేశంలో కొన్ని టీవీ ఛానళ్లు కరాచీ ఓడరేవు ధ్వంసమైపోయిందన్నాయి. మన బలగాలు పాకిస్తాన్ నగరాల్లోకి దూసుకుపోయాయన్నాయి. ఇంకెక్కడి యుద్ధాలవో దృశ్యాలు తెచ్చి చూపించాయి. ఆ వార్తలేవీ నిజం కాదు. మనకి ఇక్కడ అది మధ్యాహ్నం, పని వేళ. ఒకపక్క మీటింగు నడుస్తోంది, ఇంకోపక్క చేతిలో ఫోను. వాట్సాప్ గ్రూపుల్లో జెండాలు, చప్పట్లు, నిప్పుల బొమ్మలు. ‘ఇంకా వెయ్యండి’ అన్నాం. ‘మ్యాపులోంచే లేపేయాలి’ అన్నాం. కరాచీలో కోట్ల మంది ఉంటారు. అక్కడా తెల్లారితే పాల ప్యాకెట్ల కోసం, స్కూలు బస్సు కోసం పరిగెత్తే మనుషులే ఉంటారు. అంత పెద్ద ఊరు తగలబడుతోందన్న వార్త చదివి మన గ్రూపుల్లో ఎవరమూ అయ్యో అనలేదు. అది అబద్ధమని తేలాక ఛానళ్లని తిట్టుకున్నాం. మనల్ని మోసం చేశారని బాధపడ్డాం. ఒక నగరం కాలిపోయిందంటే మనకి సంతోషం ఎలా కలిగిందని మాత్రం మనల్ని మనం ప్రశ్నించుకోలేదు.

మనం ఫార్వర్డ్‌లు పంపుకుంటున్న ఆ రోజుల్లో నిజంగా ప్రాణాలు పోయాయి. పూంఛ్‌లో ఫిరంగి గుండ్లకి పన్నెండేళ్ల కవల పిల్లలు బలైపోయారు. సరిహద్దుకి అవతలా మామూలు జనం చనిపోయారు. నియంత్రణ రేఖ దగ్గర మురళీ నాయక్ చనిపోయాడు. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా అతని ఊరు. కాయకష్టం చేసుకుని బతికే ఇంట్లో ఒక్కగానొక్క కొడుకు. నాలుగేళ్ల అగ్నివీర్ కొలువులో చేరినవాడు. అతని ఫొటోని మనమందరం స్టేటస్‌లో పెట్టుకున్నాం, మర్నాడు తీసేశాం. తండాలో ఆ ఇల్లు ఇక ఎలా గడుస్తుందన్న ప్రశ్న ఎంతమందికి వచ్చింది? మన పిల్లలు వాటర్లూ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ సీటు వస్తుందా రాదా అని బెంగపడుతుంటే, మన తరఫున చావడానికి తండా బిడ్డ వెళ్లాడు.

ఎపిసోడ్‌లో మియా 3 అనే యువతి ఉంటుంది. ఎమినియార్ పాలకమండలి పెద్ద దగ్గర పనిచేసేదీ, అంతరిక్ష నౌకలో వచ్చిన అతిథుల్ని స్వాగతించి తీసుకొచ్చేదీ ఆమే. దాడి లెక్క తేలాక మృతుల జాబితాలో ఆమె పేరు వస్తుంది. మర్నాటి మధ్యాహ్నంలోగా వెళ్లిపోవాలని ఆమె మామూలు గొంతుతో చెబుతుంది. చూస్తున్నవాళ్లకి ఒళ్లు గగుర్పొడిచేది అక్కడే. ఎంత దుర్మార్గమైన పద్ధతైనా అందులో ఒక్క నీతి ఉంది. యుద్ధం కొనసాగాలని కోరుకునేవాళ్ల ఇంట్లోవాళ్ల పేర్లు కూడా జాబితాలోకి వస్తాయి. మనకి ఆ భయమూ లేదు. జాబితాలో మన పేర్లు ఎప్పటికీ రావు. సంజయుడు చెబుతుంటే హస్తినలో కూర్చుని విన్న ధృతరాష్ట్రుణ్ణి తరతరాలుగా తప్పుపడుతూ వస్తున్నాం. చూపు ఇస్తానని వ్యాసుడు అంటే, నావాళ్ల చావు కళ్లతో చూడలేనన్నాడాయన. ఆయనకైనా యుద్ధభూమిలో నూరుగురు కొడుకులున్నారు. మనకెవరున్నారు?

స్టార్ ట్రెక్‌లో ఇంజనీరు స్కాటీ పాత్ర వేసిన జేమ్స్ డూహన్ ఈ దేశం మనిషి, వాంకూవర్‌లో పుట్టాడు. 1944 జూన్ 6న కెనడా సైన్యంతో నార్మండీలో జూనో బీచ్ మీద దిగాడు. ఆ రాత్రి సొంత పక్షం కాపలావాడే శత్రువనుకుని కాల్చాడు. కాలికి నాలుగు తూటాలు. ఛాతీకి వచ్చినదాన్ని జేబులో ఉన్న వెండి సిగరెట్ పెట్టె ఆపింది. ఇంకొకటి కుడిచేతి మధ్యవేలిని తీసుకుపోయింది. తర్వాత నటుడయ్యాక ఆ చేతిని వీలైనంతవరకు కెమెరాకి కనబడకుండా చూసుకునేవాడు. ఈ ఎపిసోడ్‌లోనూ అతనున్నాడు. శత్రువు మాటలు నమ్మి నౌక రక్షణ కవచం దించమని రాయబారి ఆజ్ఞాపిస్తే దించనని మొండికేసే స్కాటీ అతనే. నెత్తురు కనబడని యుద్ధం గురించిన కథలో, నెత్తురు కారిన మనిషి చెయ్యి దాచుకుని నటిస్తున్నాడు. ఇది తెలిశాక ఆ ఎపిసోడ్‌ని మునుపటిలా చూడలేం. తెర మనకి ఏం చూపిస్తోందో చూస్తూ కూర్చుంటే చాలదు, ఏం దాస్తోందో వెతకాలి. మే నెలలో మనం వెతకలేదు. వెతకాలనీ అనిపించలేదు.

యుద్ధం మనకి తెలియనిదేమీ కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం పిల్లాజెల్లాతో, మూటాముల్లెతో ఊళ్లు విడిచి పల్లెలకి పారిపోయారు. పశ్చిమ గోదావరిలో మాధవరం లాంటి ఊళ్లు మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ బిడ్డల్ని సైన్యానికి పంపుతున్నాయి. యుద్ధం అంటే ఏమిటో ఆ ఇళ్లలో పెద్దల్ని అడిగితే తెలిసేది. మనం అడగలేదు. ఛానళ్లలో అరిచేవాళ్లని నమ్మాం.

ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది, అది ఇక్కడే, మన వీధిలోనే జరిగింది. 2001లో 31,471 మంది ఉన్న మిల్టన్ 2021 నాటికి 1,32,979 మందికి చేరింది. అలా పెరగడంలో మనం ఉన్నాం, పాకిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాలు అంతకన్నా ఎక్కువగా ఉన్నాయి. ఇంగ్లీషు తర్వాత ఈ ఊరి ఇళ్లలో ఎక్కువగా వినబడే భాష ఉర్దూ. పొద్దున్నే యూనియన్ స్టేషన్‌కి వెళ్లే గో ట్రైన్‌లో పక్క సీటులో కూర్చునేది వాళ్లే. చలికాలంలో మనం ఊళ్లో లేనప్పుడు మన డ్రైవ్‌వేలో మంచు ఎత్తిపోసిందీ వాళ్లే. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకి వాళ్ల మాట కూడా కొత్త కాదు. అలాంటిది ఆ వారం ఎదురుపడితే తల తిప్పుకున్నాం. లాహోర్‌లో మీ అమ్మానాన్నా ఎలా ఉన్నారని అడగడానికి నోరు రాలేదు. సరిహద్దు దగ్గరున్న మీవాళ్లు క్షేమమేనా అని వాళ్లు మనల్ని అడిగే వీలూ ఇవ్వలేదు. రోజూ కలిసి బాస్కెట్‌బాల్ ఆడుకునే పిల్లల్ని ఈ నాలుగు రోజులు వాళ్లింటికి వెళ్లొద్దన్న ఇళ్లున్నాయి. ఎందుకని పిల్లలు అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాం.

మనం కరాచీ వార్తకి చప్పట్లు కొట్టిన మే 8నే ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసి 80 ఏళ్లయింది. ఆ యుద్ధంలో కెనడా 45,000 మందికి పైగా బిడ్డల్ని పోగొట్టుకుంది. మన విక్టోరియా పార్కులోనూ యుద్ధ మృతుల స్మారకం ఉంది. ఏటా నవంబరు 11న మన పిల్లలు చొక్కాకి ఎర్ర గసగసాల పువ్వు పెట్టుకుని బడికి వెళతారు, తలవంచి మౌనం పాటిస్తారు. యుద్ధంలో పోయినవాళ్లని తలుచుకోవడం ఎలాగో బడి వాళ్లకి నేర్పుతోంది. యుద్ధాన్ని క్రికెట్ మ్యాచ్‌లా చూడటం ఎలాగో మనం ఇంట్లో నేర్పాం.

మే 10న కాల్పుల విరమణ వచ్చింది. ఇక్కడ అది శనివారం పొద్దున. చంపడం ఆగిందన్న వార్త అది. మనకి నిరాశ కలిగింది. ‘అప్పుడే ఆపేశారేంటి, పని పూర్తి చేసి ఉండాల్సింది’ అన్నాం. ఏ పని? ఎవరు పూర్తి చేయాలి? ఎవరి కొడుకుతో? కల్లితండా లాంటి ఇంకో ఊళ్లో ఇంకో తల్లి ముందు నిలబడి ఆ మాట అనగలమా? శాంతి వస్తే బాధపడ్డాం. ఇంతకుమించి మనం దిగజారిన చోటు ఇంకొకటి లేదు.

ఎపిసోడ్ చివర్లో నౌక కెప్టెన్ కర్క్ ఆ కంప్యూటర్లని పేల్చేస్తాడు. ఇక లెక్కల యుద్ధం కుదరదు, నిజం యుద్ధానికి దిగాలి లేదా మాట్లాడుకోవాలి. పాలకమండలి పెద్ద వణికిపోతాడు. అప్పుడు బయటపడుతుంది, శత్రువుతో నేరుగా మాట్లాడే లైను ఒకటి వాళ్ల దగ్గర మొదట్నుంచీ ఉందని. శతాబ్దాలుగా ఎవరూ వాడలేదంతే. మిల్టన్‌లో మనకి అలాంటి లైను ఇంటింటికీ ఉంది. ఢిల్లీలో, ఇస్లామాబాద్‌లో ఉన్నవాళ్లకి లేని అవకాశం అది. మనం చేసే పలకరింపుతో క్షిపణులు ఆగవు, నిజమే. మన మనసుల్లో యుద్ధం ఆగేది మాత్రం అక్కడే.

అలాంటి రోజులు మళ్లీ రాకూడదు. వస్తే, ఫార్వర్డ్ కొట్టే ముందు అది నిజమో కాదో చూడాలి. నిజమే అయితే అందులో ఎవరు చచ్చారో చూడాలి. పక్కింటికి వెళ్లి మీవాళ్లంతా బాగున్నారా అని అడగాలి. పిల్లల్ని ఎప్పటిలాగే ఆడుకోనివ్వాలి. వీటిలో దేనివల్లా దేశభక్తికి లోటు రాదు. ఇవేవీ చేయకపోతే మాత్రం, ఒక్క రూపాయి పోని చోట కూర్చుని పరాయి బిడ్డల ప్రాణాలతో గెలుపు పండగ చేసుకున్నవాళ్లంగా మిగులుతాం. మన పిల్లలు పెద్దవాళ్లయి ఆ మాట మనల్ని అనేలోపే, మనంతట మనమే ఒప్పుకుని మారాలి.