మాత్రకు లొంగని హోరు

చెవిలో హోరును మాయం చేసే మందు లేదు. ఈ ఒక్క ముక్క రోగి ముఖాన చెప్పడానికి మన డాక్టర్లకు ఎందుకంత మొహమాటమో నాకు అర్థం కాదు.

ఈ వారం మా చిన్న మేనమామ ఒక మందుల చీటీ తెచ్చి చూపించాడు. ఆయనకు డెబ్బై దాటాయి. ఏడాదిగా రెండు చెవుల్లోనూ కీచురాళ్ళ రొద. చీటీలో గింకో బైలోబా గొట్టాలు, పూటకో బీటాహిస్టిన్, బి విటమిన్లు, నిద్రకో మాత్ర, పైన చెవిలో చుక్కలు. నెలకయ్యే ఖర్చు చూసి నాకు కళ్ళు తిరిగాయి. కళ్ళు తిరగడానికైతే బీటాహిస్టిన్ పనికొస్తుందంటారు, అది వేరే సంగతి. "మామయ్యా, వినికిడి పరీక్ష చేశారా?" అని అడిగితే, "టార్చి వేసి చూశాడు కదరా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది అక్కడే. అమెరికాలోని చెవి ముక్కు గొంతు వైద్యుల అకాడమీ 2014లోనే రాతపూర్వకంగా చెప్పింది: ఈ హోరుకు గింకో వద్దు, జింకు వద్దు, మెలటోనిన్ వద్దు. బీటాహిస్టిన్ మీద జరిగిన ప్రయోగాలన్నీ పోగేసి 2018లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్ళు తేల్చిందీ అంతే, ఉత్తుత్తి మాత్రకీ దానికీ తేడా కనబడలేదని. ఇవేవీ రహస్యాలు కావు. పట్నంలో బోర్డు పెట్టుకున్న ప్రతి ఈఎన్‌టీ డాక్టరుకూ తెలిసినవే. కానీ మందు రాయని డాక్టరుకు ఫీజు ఇవ్వబుద్ధి కాదు మనకి. రాయకపోతే పక్కవీధి డాక్టరు దగ్గరికి పోతాం. ఆయనా రాయకపోతే వాట్సాప్ ఉండనే ఉంది: వెల్లుల్లి కాచిన నూనె పోసుకోండి, తల వెనక వేళ్ళతో టకటకా కొట్టుకోండి, మూడు రోజుల్లో మాయం. ఆ నూనె పోసుకుని, చెవి చీము పట్టించుకుని వచ్చేవాళ్ళు ప్రతి ఆస్పత్రిలోనూ కనబడతారు.

అసలు రొద పుట్టేది చాలామందిలో వినికిడి తగ్గడం వల్ల. లోపలి చెవిలో, నత్తగుల్లలాంటి కాక్లియాలో, శబ్దాన్ని అందుకునే సన్నటి రోమకణాలు దాదాపు 15 వేలుంటాయి. చచ్చిన కణం మనుషుల్లో మళ్ళీ మొలవదు. అవి పోయిన మేరకు మెదడుకు కబురు అందదు. మాట వినబడటం లేదని మైకుసెట్టు వాడు యాంప్లిఫయర్ పెంచితే ఏమవుతుంది? కుయ్యిమంటుంది. మెదడు చేసేదీ అదే పని. కాబట్టి చెవిలో చుక్కలు వేస్తే ఆ కుయ్యి ఆగదు. ఇలాంటి కుయ్యితో బతుకుతున్నవాళ్ళు ప్రపంచమ్మీద 74 కోట్లకు పైగా ఉన్నారని 2022లో వచ్చిన ఒక అంచనా. అందులో 12 కోట్ల మందికి అది నిద్రా తిండీ చెడగొట్టే స్థాయిలో ఉందట.

మరి చేయవలసింది ఏమిటయ్యా అంటే, మొదట గాజు తలుపున్న చిన్న గదిలో కూచోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చి చేసే ఆడియోమెట్రీ. శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. చివరికి ఒక గ్రాఫ్ కాగితం చేతికొస్తుంది. మోతల్లో బతికినవాడి గీత 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడ్డట్టు కిందికి దిగుతుంది. మామయ్య గీత ఎలా ఉందో చీటీ రాసినాయనకు తెలియదు, చూడలేదు కనుక. వినికిడి తగ్గి ఉంటే హియరింగ్ ఎయిడ్ పెట్టుకోవాలి. బయటి శబ్దాలు లోపలికి రావడం మొదలైతే చాలామందికి రొద వెనక్కి తగ్గుతుంది. కళ్ళజోడుకు లేని సిగ్గు "చెవిటి మిషను"కు దేనికో! పెళ్ళిచూపులకు కూడా జోడు పెట్టుకుని వెళ్ళే జాతి మనది.

రెండోది, నిశ్శబ్దానికి దూరంగా ఉండటం. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు మంచి వినికిడి ఉన్న 80 మందిని చప్పుడు చొరని గదిలో కూచోబెడితే నూటికి 94 మంది ఏదో ఒక మోత విన్నామన్నారు. ఆ రొద దాదాపు అందరిలోనూ ఉన్నదే, పట్టించుకున్నవాడికి వినబడుతుంది. అందుకే ఎండాకాలమంతా హాయిగా పడుకున్న మనిషి చలికాలంలో ఫ్యాన్ ఆపిన రాత్రి లేచి కూచుంటాడు. ఫ్యాన్ గోడ వైపు తిప్పి పెట్టుకోండి, రేడియో సన్నగా పెట్టుకోండి. రొదను పూర్తిగా ముంచేసే శబ్దం అక్కర్లేదు, దాని పక్కన ఇంకొకటి ఉంటే చాలు.

మూడోది కౌన్సెలింగు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ రొదను తగ్గించదు, రొద వల్ల పుట్టే భయాన్నీ చిరాకునీ తగ్గిస్తుంది. గట్టి ఆధారాలున్న చికిత్సల్లో ఇదొకటి. అది తెలుగులో, ఓపిగ్గా, వారం వారం కూచుని చెప్పే మనిషి మన జిల్లా కేంద్రాల్లో ఎక్కడున్నాడో చూపించండి. మాత్ర రాయడానికి అర నిమిషం పడుతుంది. మాట్లాడటానికి అరగంట కావాలి. అరగంటకు మనం డబ్బివ్వం.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పి తీరాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినబడటం మానేసినా, రొద ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా కొట్టినా ఈ వ్యాసం పక్కన పడేసి ఆస్పత్రికి వెళ్ళండి. మొదటి దానికైతే ఆ రోజే. స్టెరాయిడ్లు పనిచేసే గడువు కొద్ది రోజులే.

ఇక చెవులను పాడుచేసే మోతల సంగతి, అంటే నా పాత పగ దగ్గరికి వస్తాను. మైకులు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా లౌడ్‌స్పీకరు మోగకూడదు. పండగలకు ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు. మన వీధుల్లో ఆ పదిహేను ఏ నెలలోనే అయిపోతాయో లెక్కపెట్టుకోండి. బరాత్ బండి మీద డీజే డబ్బాల ముందు నిలబడితే వంద డెసిబెల్స్ దాటడం వింత కాదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో వంద దగ్గర రోజుకు 15 నిమిషాలే క్షేమం. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధిస్తే సంతోషించాను. పెళ్ళి బరాత్‌కు మతం ఉండదు కాబోలు, మా వీధిలో డబ్బాలు ఆగలేదు. ఆ డబ్బాల మధ్య కూచుని మీటలు తిప్పే ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి చూస్తే మాత్రం కోపం రాదు. నలభై వచ్చేసరికి వాడికి ఎవరు గింకో రాస్తారో అనిపిస్తుంది.

డీజే మోత అయినా ఒక రాత్రితో పోతుంది. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య రోజుకు పన్నెండు గంటలు నిలబడే నేత కార్మికుడి సంగతో? పక్కనున్నవాడితో మాట్లాడాలంటే సైగలే అక్కడ. మోత వల్ల వచ్చే చెవుడు, ఫ్యాక్టరీలు ప్రభుత్వానికి తెలియజేసి తీరాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. చిన్న షెడ్డును ఫ్యాక్టరీ అని ఎవరూ అనరు కాబట్టి తెలియజేసే నాథుడు ఉండడు. పోనీ వికలాంగుల చట్టం ఉందనుకుంటే, 2016 నాటి ఆ చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ పోతే గానీ మనిషిని లెక్కలోకి తీసుకోదు. యాభై పోయి, రాత్రంతా గుయ్యిమనే తలతో పొర్లేవాడు ఏ పట్టికలోనూ లేడు. నురగ ఇయర్‌ప్లగ్గులు అంత ఖరీదైనవేమీ కావు. అవి పెట్టుకున్న మనిషిని షెడ్డులో నేనింతవరకు చూడలేదు.

ప్రభుత్వ చీరల ఆర్డర్ల గురించి మాట్లాడటానికి సిరిసిల్ల వెళ్ళే నాయకులు ఈసారి షామియానా కింద కాకుండా, సాంచాలు ఆపించకుండా, షెడ్డు లోపల నిలబడి ప్రసంగిస్తే బాగుంటుంది.