గోత్రం వేరైనా జన్యువు ఒకటే

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్లు కండరాలను సడలించే మందు ఇస్తారు. అలాంటి మందుల్లో సక్సినైల్‌కోలిన్ ఒకటి. రక్తంలోని ఒక ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లోనే విచ్ఛిన్నం చేస్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైము లోపించిన వారిలో మందు ప్రభావం గంటల తరబడి దిగదు. ఆపరేషన్ ముగిసినా రోగి సొంతంగా ఊపిరి పీల్చలేడు. వెంటిలేటర్ తీయకుండా ఉంచితే కోలుకుంటాడు. సంగతి ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, గండమే ఉండదు.

ఈ లోపం మిగతా వారికన్నా వైశ్యుల్లో దాదాపు 100 రెట్లు ఎక్కువ. కారణమేమిటో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రచురించిన అధ్యయనంలో కనిపిస్తుంది. దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయని తేలింది. జన్యుశాస్త్రం తరచూ ఉదహరించే అష్కెనాజీ యూదుల్లో, ఫిన్లాండ్ ప్రజల్లో కన్నా వీటిలో ఆ కొద్దిమంది పూర్వీకుల ప్రభావం బలంగా ఉంది. వీటిలో 14 సమూహాల జనాభా పది లక్షలు దాటింది.

గోత్రం వేరైతే, మేనరికం కాకపోతే చాలని మనలో చాలామంది ధీమా. ఆ ధీమాకు ఆధారం సగమే. గోత్రం తండ్రి వరసనే లెక్కిస్తుంది. అందుకే మేనమామ కూతురు వేరే గోత్రం అవుతుంది, సంబంధం కుదురుతుంది. బంధుత్వమే లేని సంబంధం చూసినా, తరతరాలుగా కులం దాటని పెళ్లిళ్ల వల్ల వధూవరులిద్దరికీ ఒకే పూర్వీకుడి నుంచి ఒకే లోపం వచ్చి ఉండవచ్చు. లోపమున్న జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారు, అంటే వాహకులు, ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరు వాహకులు దంపతులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

కులం పేరు జబ్బు పక్కన రాస్తే ముద్ర పడుతుందన్న అభ్యంతరం తోసేయదగింది కాదు. కానీ ఆపరేషన్ బల్ల మీద బయటపడింది కాబట్టి ఈ లోపం లోకానికి తెలిసింది. మిగతా సమూహాలకూ తమ తమ లోపాలు ఉంటాయి, వాటిని పెద్దగా ఎవరూ వెతకలేదంతే. ముద్ర భయానికి మందు మౌనం కాదు, గోప్యత. అష్కెనాజీ యూదుల్లో టే-శాక్స్ వంటి ప్రాణాంతక వ్యాధులకు 1983లో మొదలైన దోర్ యెషోరిమ్ అనే పరీక్షల కార్యక్రమం అదే దారి పట్టింది. పరీక్ష చేయించుకున్న యువతకు ఫలితం బదులు ఒక నంబరు ఇస్తారు. సంబంధం మాట్లాడుకునేటప్పుడు రెండు నంబర్లు చెబితే, ఆ జంటకు ముప్పుందో లేదో చెబుతారు. ఎవరి ఇంటి మీదా వేలు చూపే పని లేదు. మన పెళ్లిచూపుల పద్ధతికి ఇంతకన్నా అతికే నమూనా దొరకదు.

గోప్యత మీద నమ్మకం నిలవాలంటే చట్టం అండ కావాలి. జన్యు పరీక్ష ఫలితాన్ని బట్టి ఆరోగ్య బీమా నిరాకరించడాన్ని, ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని అమెరికా 2008లోనే నిషేధించింది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. జిల్లా ఆసుపత్రుల్లో జన్యు సలహాదారులూ కరువే. ఈ రెండూ సమకూరకుండా పరీక్షలు మాత్రమే పెంచితే జనం రక్తం ఇవ్వడానికే వెనకాడతారు.

నమూనాలిచ్చిన సమూహాలకు పరిశోధన పత్రం చేరితే సరిపోదు. మత్తు డాక్టరు ఆపరేషన్‌కు ముందు కుటుంబ చరిత్ర అడిగి కేస్ షీట్‌లో రాసుకునేలా చూడటం, అనుమానమున్న చోట ఎంజైము పరీక్ష చేయించడం ఇవాళే చేయగల పనులు. ముందుగా వాటిని మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిబంధనగా మార్చాలి.