పాత ఫిల్మ్ పారేయకండి

నారాయణఖేడ్ తెలంగాణకు ఓ చివర ఉంటుంది. కర్ణాటక, మహారాష్ట్ర రెండూ దగ్గరే. అందుకే ఇక్కడ ఒకే మనిషికి ఎక్స్‌రే బీదర్‌లో, అల్ట్రాసౌండ్ సంగారెడ్డిలో, సీటీ స్కాన్ హైదరాబాద్‌లో జరగడం మామూలే. డాక్టర్ ముందు కూర్చున్నాక పాతవి ఏవని అడిగితే మాత్రం ‘ఇంట్లో ఉండిపోయాయి’ అంటారు. కొందరైతే ‘అప్పుడు నార్మలే వచ్చింది కదా, పారేశాం’ అంటారు. ఆ నార్మల్ ఫిల్మే ఇప్పుడు కావాలి.

ఎక్స్‌రే, సీటీ తీసేది టెక్నీషియన్. వాటిని చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత మరో మూడేళ్లు ఈ విద్యే చదివిన డాక్టర్. అల్ట్రాసౌండ్ అయితే స్వయంగా చేస్తారు. మిగతా స్కాన్లలో చాలాసార్లు ఆ డాక్టర్ మిమ్మల్ని చూడనే చూడరు. మీ గురించి వారికి తెలిసేది చీటీ మీది నాలుగు మాటలు, మీరు తీసుకెళ్లిన పాత ఫిల్మ్‌ల వల్లే.

ఒక ఉదాహరణ చూడండి. ఛాతీ ఎక్స్‌రేలో పైభాగాన మచ్చ కనిపించింది. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గిన గుర్తు కావచ్చు, కొత్త టీబీ కావచ్చు, గడ్డ కూడా కావచ్చు. ఒక్క ఫిల్మ్‌తో తేల్చడం కష్టం. మూడేళ్ల కిందటి ఎక్స్‌రేలోనూ అదే మచ్చ అంతే ఉంటే సగం భయం తీరుతుంది. అప్పుడు లేనిది ఇప్పుడు వస్తే వెంటనే జాగ్రత్త పడొచ్చు. అయితే రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే, మచ్చ పాతదైనా కళ్లె పరీక్ష తప్పదు.

పాతవి లేకపోతే మళ్లీ స్కాన్, మళ్లీ ఖర్చు, ఇంకో రోజు పని పోవడం. రేడియేషన్ సంగతీ ఉంది. ఛాతీ ఎక్స్‌రేలో అది సుమారు 0.1 మిల్లీసీవర్ట్. కడుపు సీటీలో 7 నుంచి 10 దాకా ఉండొచ్చు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేది 2.4. అవసరమైన సీటీకి భయపడొద్దు, దాని మేలే ఎక్కువ. పాతది దొరకక మళ్లీ తీయించే సీటీతోనే నష్టం.

స్కాన్‌కు వెళ్లేటప్పుడు చీటీలో బాధ వివరంగా రాయించండి. ‘కడుపునొప్పి’ అంటే వంద కారణాలు. ‘రెండు రోజులుగా కుడివైపు కింద నొప్పి, జ్వరం’ అంటే రేడియాలజిస్టు చూపు ముందు అపెండిక్స్ మీదికి వెళుతుంది. కిడ్నీ జబ్బు, షుగర్ మాత్రలు, అలర్జీ, పేస్‌మేకర్, గర్భం ఉంటే ముందే చెప్పండి. ఫిల్మ్‌తో పాటు రిపోర్టు, సీడీ కూడా అడిగి తీసుకోండి. ఫిల్మ్‌ను ఫోన్‌లో ఫొటో తీసి పంపితే సన్నటి తేడాలు కనిపించవు.

రిపోర్టు చివర ‘క్లినికల్లీ కోరిలేట్’ అని ఉంటే కంగారు పడొద్దు. రోగి లక్షణాలతో సరిపోల్చి చూడమని మీ డాక్టర్‌కు చెప్పే మాట అది. దాన్ని ఇంటర్నెట్‌లో వెతక్కుండా డాక్టర్‌కే చూపించండి.

పట్టాదారు పాస్‌పుస్తకం బీరువాలో ఎంత భద్రంగా పెడతామో మనకు తెలుసు. దాని పక్కనే ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక కవరు పెట్టండి. ఎండ, తేమ తగలకుండా, మడత పెట్టకుండా ఫిల్మ్‌లను తేదీల వారీగా అందులో ఉంచండి. ఏ ఊరి ఆస్పత్రికి బయల్దేరినా ఆ కవరు మీ వెంట ఉండాలి.