తయారవుతున్న ఆటకు ముందే డబ్బు కట్టాలా?

'కేవ్స్ ఆఫ్ కడ్' అనే రోల్ ప్లేయింగ్ గేమ్ (ఆర్‌పీజీ) 2015లో ఆన్‌లైన్ ఆటల దుకాణం స్టీమ్‌లో అమ్మకానికి వచ్చింది. ఆట పూర్తయిందని దాన్ని తయారుచేసిన ఫ్రీహోల్డ్ గేమ్స్ వాళ్లు చెప్పింది మాత్రం 2024 డిసెంబరులో. ఆ తొమ్మిదేళ్లూ జనం దాన్ని కొన్నారు, ఆడారు, మెచ్చుకున్నారు. కథకు అసలు ముగింపు ఆఖర్నే వచ్చి చేరింది. పెద్ద పబ్లిషర్ల దన్ను లేని స్టూడియోల ఆర్‌పీజీల్లో ఇప్పుడిది మామూలు సంగతే. ఆట తయారీలో ఉండగానే చందాలు సేకరించే సైటు కిక్‌స్టార్టర్‌లో చందా అడుగుతారు, లేదా ఎర్లీ యాక్సెస్ పేరిట ఉన్నంత ఆటను అమ్మకానికి పెడతారు. మరి ముందే కట్టాలా, ఆగి చూడాలా?

కట్టాలనేవాళ్ల వాదనకు బలం 2012 నుంచి వచ్చింది. పైనుంచి చూస్తూ, పేజీలకొద్దీ సంభాషణలు చదువుతూ, ఆగి ఆలోచించి పోరాడే పాత తరహా ఆర్‌పీజీలకు కాలం చెల్లిందని పబ్లిషర్లు అప్పటికే తేల్చేశారు. అలాంటప్పుడు ఆటల నిర్మాత బ్రయాన్ ఫార్గో 'వేస్ట్‌ల్యాండ్ 2' కోసం 9 లక్షల డాలర్లు అడిగితే ఆటగాళ్లు దాదాపు 29 లక్షలు ఇచ్చారు. అదే ఏడాది అబ్సిడియన్ స్టూడియోకు చేతిలో ఉన్న పెద్ద ప్రాజెక్టు రద్దయి, ఉద్యోగులను తీసేయాల్సి వచ్చింది. ఆ కష్టంలో వాళ్లు 'పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ'కి 11 లక్షల డాలర్లు అడిగారు. సుమారు 74 వేల మంది కలిసి 40 లక్షల దాకా ఇచ్చారు. బెల్జియంకు చెందిన లారియన్ 2013లో 'డివినిటీ: ఒరిజినల్ సిన్'కు ఇలాగే చందాలు పట్టింది. పదేళ్ల తర్వాత 'బాల్డర్స్ గేట్ 3' తీసుకొచ్చింది ఆ లారియనే. వ్యాపారులు వదిలేసిన ఒక రకం ఆటలను ఆడేవాళ్లే బతికించుకున్నారు. దీన్ని కాదనే వాదన నాకింతవరకు కనబడలేదు.

వద్దనేవాళ్లు మునిగిన డబ్బు లెక్క చెబుతారు. 'క్రానికల్స్ ఆఫ్ ఎలీరియా' 2016లో కిక్‌స్టార్టర్‌లోనే 13 లక్షల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2020 మార్చిలో స్టూడియో మూసేస్తున్నామని ప్రకటించింది. 'ప్రాజెక్ట్ ఫీనిక్స్' 2013లో 10 లక్షలు దాటింది, ఆట మాత్రం రాలేదు. కానీ పోతే పోయిందనుకోగలిగినంతే ఇవ్వాలన్న జాగ్రత్త ఎవరికీ కొత్త కాదు. నాకు అంతకంటే గట్టిగా తోచే అభ్యంతరం మరొకటి ఉంది. అది మునిగిపోయిన ఆటల గురించి కాదు, బయటికొచ్చిన ఆటల గురించి. ముందే పుచ్చుకున్న డబ్బు ఆట రూపాన్ని వంచుతుంది.

'పిల్లర్స్'నే చూడండి. పెద్ద చందా ఇచ్చినవాళ్లు ఆటలో తమ పాత్రను పెట్టుకోవచ్చన్నారు. 2015లో ఆట వచ్చాక చూస్తే, ఊళ్లలో బంగారు రంగు పేర్లతో మనుషులు నిలబడి ఉన్నారు. ఆటలో మన కథానాయకుడికి ఎదుటివారి ఆత్మలోకి తొంగిచూసే శక్తి ఉంటుంది. ఈ మనుషుల దగ్గర దాన్ని వాడితే ఆ చందాదారు రాసుకున్న ముక్క ఒకటి తెరుచుకుంటుంది. అసలు కథతో దానికి పొత్తే ఉండదు. మన గుళ్లలో ట్యూబ్‌లైటు మీద వెలుగు కంటే పెద్దగా దాత పేరు కనబడుతుందే, అచ్చం అలాగే. అందుకే కొత్తగా ఆడేవాళ్లకు పాతవాళ్లు ముందే చెబుతారు, బంగారు పేర్ల జోలికి పోవద్దని.

'టార్మెంట్: టైడ్స్ ఆఫ్ న్యూమెనెరా'కు చిక్కు ఇంకోలా వచ్చింది. చందాలు పెరిగేకొద్దీ కొత్త సహచర పాత్రలు, ఇటాలియన్ అనువాదం వస్తాయని చెప్పారు. 2017లో విడుదల దగ్గరపడ్డాక వాటిలో కొన్ని లేవని తేలి, కట్టినవాళ్లు మండిపడ్డారు. రాస్తూ రాస్తూ ఓ పాత్రను తీసేయడం ఏ రచయితకైనా ఉండాల్సిన స్వేచ్ఛే. ముందే అమ్మేసిన పాత్రను తీసేస్తే అది మాట తప్పడం అవుతుంది. రాయకముందే ఇచ్చిన మాట తర్వాత రాసేవాళ్ల చేతులు కట్టేస్తుంది.

ఎర్లీ యాక్సెస్ ఈ విషయంలో కొంత నయం. అక్కడ కొనేది మాటను కాదు, చేతికొచ్చిన ఆటనే. 'బాల్డర్స్ గేట్ 3' మొదటి అంకం ఒక్కటే 2020 అక్టోబరు నుంచి ఆడేవాళ్ల చేతుల్లో ఉంది. వాళ్ల స్పందన చూసి విల్ అనే సహచరుడి పాత్రను చాలావరకు తిరగరాశారు. 2023 ఆగస్టులో పూర్తి ఆట వచ్చేసరికి ఆ మొదటి అంకం నున్నగా చెక్కినట్టుంది. మూడో అంకానికి అంత చెక్కుడు దక్కలేదు. చివర్లో కథ ఠక్కున ఆగిపోయిందని చాలామంది అన్నాక, నవంబరులో ఉపసంహారం చేర్చారు. వేలమంది ముందుగా ఆడిన భాగానికీ ఎవరూ ఆడని భాగానికీ తేడా అంత కొట్టొచ్చినట్టు కనబడింది.

ఆటగాళ్ల డబ్బు వద్దనుకుంటే ఇంకెవరి డబ్బో కావాలి. 2019లో వచ్చిన 'డిస్కో ఎలీసియం' చందాలు లేకుండా, ప్రైవేటు పెట్టుబడితో తయారైంది. అంతటి ధీమా ఉన్న రచన ఆటల్లో అరుదు. మధ్యలో వేలమంది సలహాలు విని ఉంటే అది అలా ఉండేదని నేననుకోను. అయితే 2021లో ముఖ్య రచయిత రాబర్ట్ కుర్విట్జ్‌తో పాటు మరో ఇద్దరు దాన్ని తయారుచేసిన స్టూడియో నుంచి బయటపడాల్సి వచ్చింది. వాటాల తగువు కోర్టుకెక్కింది. ఆటగాళ్ల దగ్గర తీసుకుంటే నాలుగు పేర్లు భరించాలి, పెట్టుబడిదారు దగ్గర తీసుకుంటే తాము సృష్టించిన లోకమే చేజారిపోవచ్చు. ఈ రెంటిలో మొదటిదే చవక.

ఇక కొనేవాడి వైపు నుంచి చూస్తే, ఆటలన్నీ ఒక్క తీరువి కావు. 'కేవ్స్ ఆఫ్ కడ్'లో ప్రతిసారీ లోకం చాలావరకు కొత్తగా పుడుతుంది, మామూలు పద్ధతిలో ఆడితే చస్తే మళ్లీ మొదలు. అలాంటిదాన్ని సగంలో ఆడినా పోయేదేం లేదు. 2020లో ఎర్లీ యాక్సెస్‌కు వచ్చిన 'స్టోన్‌షార్డ్'ను సగంలో ఆడినా అంతే. కథ మీద నిలబడే ఆట వేరు. ఎవరు ద్రోహి, ఎవరు బతుకుతారు అన్నది మొదటిసారి తెలుసుకోవడం ఒక్కసారే జరుగుతుంది. దాన్ని బగ్గులున్న ముసాయిదా మీద ఖర్చు చేసుకుంటే తిరిగి రాదు. నచ్చకపోతే డబ్బు వాపసు అంటారు. స్టీమ్ ఇచ్చే గడువు రెండు గంటల ఆట. కొందరికి పాత్ర ముక్కూమొహం దిద్దుకోవడానికే అది సరిపోతుంది. కథ మీద నిలబడే 'డెల్టారూన్' విషయంలో దాని రూపకర్త టోబీ ఫాక్స్ తెలివిగా నడిచాడు. 2018లో మొదటి అధ్యాయం, 2021లో రెండోది ఉచితంగా ఇచ్చాడు. 2025లో మూడూ నాలుగూ వచ్చాకే ధర పెట్టాడు, రాబోయే అధ్యాయాలన్నీ అందులోనే అన్నాడు. కానీ అలా ఉచితంగా పంచే స్తోమత అతనికి తన ముందటి ఆట 'అండర్‌టేల్' విజయం వల్ల వచ్చింది. తొలి ఆట చేస్తున్న ముగ్గురు మనుషుల జట్టును అలా చేయమనలేం.

కాబట్టి 'స్టోన్‌షార్డ్' లాంటివాటికి నేను ఇవాళే కడతాను, కథల ఆటలకు ఆగుతాను. ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉందని తెలుసు. 2012లో అందరూ నాలాగే ఆగి ఉంటే ఆగి కొనుక్కోవడానికి 'పిల్లర్స్' ఉండేదే కాదు. సేల్ వచ్చినప్పుడు సగం ధరకు కొనుక్కుని, బంగారు పేర్లను వెక్కిరిస్తూ ఆడే నాలాంటివాళ్ల కోసం ఆ 74 వేల మంది ముందే డబ్బు కట్టారు.