పోయినవాళ్లతో పోట్లాట

అమెరికా కథల్లో ఒంటరితనం అనగానే నాకు ఇద్దరు ముసలివాళ్లు గుర్తొస్తారు. ఇద్దరికీ చెవుడే.

మొదటివాడు షెర్‌వుడ్ ఆండర్సన్ 1919లో తెచ్చిన ‘వైన్స్‌బర్గ్, ఒహాయో’లో ఉంటాడు. అందులో ‘అడ్వెంచర్’ అని ఒక కథ. ఆలిస్ హిండ్‌మన్‌ను ప్రేమించినవాడు పట్నం పోతాడు, కొన్నాళ్లకు ఉత్తరాలు మానేస్తాడు. ఆమె బట్టల కొట్టులో పని చేసుకుంటూ ఏళ్లకేళ్లు ఎదురుచూస్తుంది. ఒక వాన రాత్రి ఇక ఉండబట్టలేక, ఒంటిమీద నూలుపోగు లేకుండా వీధిలోకి పరిగెత్తి, దారిన పోయే మనిషిని కేకేసి పిలుస్తుంది. ఆ మనిషి ముసలివాడు, సరిగా వినబడదు. ఏమన్నావని తిరిగి అడుగుతాడు. అంతటితో ఆమె నేలకు కరుచుకుపోతుంది. పాకుతూ ఇల్లు చేరుతుంది.

రెండోవాడు హెమింగ్వే 1933 నాటి కథ ‘ఎ క్లీన్, వెల్-లైటెడ్ ప్లేస్’లో, స్పెయిన్‌లోని ఒక కెఫేలో పొద్దుపోయాక బ్రాందీ తాగుతూ కూర్చుంటాడు. వారం కిందట ఉరేసుకోబోతే మేనకోడలు దించింది. ఇంటికి పోయి పెళ్లాం పక్కన చేరాలన్న తొందరలో కుర్ర వెయిటరు, నువ్వు ఆ వారమే చచ్చుంటే పోయేదన్నట్టు మొహం మీదే అనేస్తాడు. ఎలాగూ వినబడదు కదా. కుర్రరచయితగా ఆండర్సన్ దగ్గర నేర్చుకున్న హెమింగ్వే ఈ చెవుడు కూడా అక్కడే అరువు తెచ్చుకున్నాడేమో, నాకు పట్టింపు లేదు. వైన్స్‌బర్గ్‌లో మనుషులకు కొదవ లేదు, కెఫేలోనూ మనుషులు లేకపోలేదు. పిలిస్తే పలికేవాళ్లకే కరువు.

అదే సాహిత్యంలో పోయినవాళ్లను పిలిస్తే? ఎడ్గార్ ఆలన్ పో 1845లో ‘ది రేవెన్’ ప్రచురించాడు. ప్రియురాలిని పోగొట్టుకున్నవాడు నడిరాత్రి గదిలోకి వచ్చి వాలిన బొంతకాకిని, ఆమెను మళ్లీ ఎక్కడైనా కలుస్తానా అని అడుగుతాడు. కాకికి వచ్చింది ఒక్కటే మాట. ఏమడిగినా ఆ మాటే. పో భార్య వర్జీనియా అప్పటికే క్షయతో తీసుకుంటోంది, 1847లో కన్నుమూసింది. మన పల్లపు ఊళ్లలో పదో రోజు పిండం పెట్టి కాకి కోసం చూసేవాళ్లకు ఈ కవిత వేరే రకంగా తగులుతుంది. కాకి రాకపోతే మనమూ బతిమాలతాం. చెల్లెలి పెళ్లి చేస్తాంలే, పొలం అమ్మంలే అని మొక్కుతాం. చివరికి అది ముట్టుకుంటే అమ్మయ్య అనుకుంటాం. మన కాకి కనీసం తిని పోతుంది.

వీటన్నిటికంటే నన్ను వదలనిది రాబర్ట్ ఫ్రాస్ట్ ‘హోమ్ బరియల్’. 1914లో వచ్చిన ‘నార్త్ ఆఫ్ బోస్టన్’లోది. ఒక రైతు ఇల్లు. మెట్ల మీద పైనుంచి భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది, కింద భర్త. ఆమె ఏం చూస్తోందో అతనికి చాలాసేపటికి గాని తట్టదు. అవతల వాలులో ఉన్న సొంత శ్మశానంలో, పాత రాళ్ల పక్కన, వాళ్ల బిడ్డను పూడ్చిన మట్టిదిబ్బ. ఆ గొయ్యి అతనే తవ్వాడు. పలుగుపార విసిరిన గులకరాళ్లు ఎగిరి ఎగిరి పడటం ఆమె ఈ కిటికీలోంచే చూసింది. తవ్వి వచ్చి, ఆ బురద బూట్లతోనే వంటింట్లో కూర్చుని, వానకు పాడయ్యే కంచె గురించి మాట్లాడాడు. ఆమెకు అది క్షమించరాని నేరం. అతనికేమో అది తప్ప ఇంకేం మాట్లాడాలో తెలియదు. నన్నూ నీ దుఃఖంలోకి రానియ్యమని అడుగుతాడు, అడగడం చేతకాక కసురుతాడు. ఆమె తలుపు తీసుకుని బయటికి నడవబోతుంది, అతను బలవంతంగానైనా లాక్కొస్తానంటాడు. కవిత అక్కడే తెగిపోతుంది. ఫ్రాస్ట్ దంపతుల మొదటి కొడుకు ఎలియట్ 1900లో నాలుగేళ్లు నిండకుండానే పోయాడు. కవి ఈ కవితను సభల్లో చదివేవాడు కాదని చెబుతారు.

ఇద్దరికీ మాటలున్నాయి, నోరుంది, ఒకే ఇంట్లో ఉన్నారు. ఆ మాటలు ఆడుకోవడానికి ఒక చోటు, ఒక వేళ, పక్కన కూర్చుని అవునవును అనే నలుగురు మనుషులు లేరు. చుట్టాలూ స్నేహితులూ కాటి దాకా వచ్చి తమ బతుకుల్లోకి వెనక్కి తిరిగిపోతారన్నదే ఆమె ఫిర్యాదు.

ఇప్పుడు ఆ చోటు వెతుక్కుంటూ సీతంపేట రండి. మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసు, అనాస పళ్లు, జీడిపిక్కలు, కొండచీపుర్లు దిగే సంత. పైన గూడేల్లో సవరలు, జాతాపులు. కొండలు దాటితే ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలు, అక్కడా సవరలే. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ గిడుగు రామమూర్తి నేర్చుకుని, 1931లో వ్యాకరణ గ్రంథం అచ్చు వేయించింది ఈ సవర భాషకే. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేసి తెలుగు గురించి ఉపన్యాసాలు దంచేవాళ్లలో సవర ఊసెత్తేవాళ్లు ఎందరు?

1975లో పియర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఒడిశా వైపు సవర గూడేలకు వచ్చాడు. భాష నేర్చుకున్నాడు, ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉన్నాడు, 1993లో ‘డైలాగ్స్ విత్ ద డెడ్’ రాశాడు. ఆ గూడేల్లో అతను విన్నవి ఫ్రాస్ట్ ఇంట్లో జరగకుండా పోయిన సంభాషణలే.

కర్మకాండలో పూనకం వచ్చే పెద్ద, చాలాచోట్ల ఆడమనిషే, కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. పాడి పాడి ఒంటి మీద తెలివి తప్పి, కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. పక్కనున్నవాళ్లు మోకాళ్లూ మోచేతులూ పట్టుకుని వంచుతారు. అప్పుడు ఆమె నోట పోయినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పలుకుతారు. గొంతు తడుపుకోవడానికి కల్లు అడుగుతారు. ఇక మొదలవుతుంది. నాకు మందు ఎందుకు తేలేదు? నా నగలు ఎవరి దగ్గరున్నాయి? నా చెక్క పొలం ఎవడు దున్నుతున్నాడు? బతికున్నవాళ్లు నోరు మూసుకుని వినరు, సంజాయిషీ చెప్పుకుంటారు, ఎదురు తిరుగుతారు, ఏడుస్తారు, మధ్యలో ఎవరో జోకు వేస్తే అందరూ నవ్వుతారు. పిల్లలు ఆడుకుంటూనే ఉంటారు. చనిపోయిన పసివాళ్లూ వచ్చి మాట్లాడతారు. ఒక్క రోజుతో తెమిలే వ్యవహారం కాదు, ఏళ్ల పాటు సాగుతుంది.

ఇది చూసి ముచ్చట పడేవాళ్లకు ఒక మాట. సవరల లెక్కలో పోయినవాడి ప్రేమే ప్రమాదం. నిన్ను విడిచి ఉండలేక, తాను ఏ జబ్బుతో పోయాడో ఆ జబ్బునే నీకు తగిలించి తన దగ్గరికి లాక్కుంటాడు. అందుకే అతనితో మాట్లాడి మాట్లాడి, తిట్టి, తినిపించి, మెల్లగా దారిలో పెట్టాలి. కొన్నేళ్లకు అతను శాంతిస్తాడు, పుట్టిన బిడ్డకు తన పేరు ఇస్తాడు, కాపలా కాసే పెద్ద అవుతాడు. ఆ లోకంలోనూ ఒకనాటికి చనిపోయి సీతాకోకచిలుక అవుతాడు, ఆ తర్వాత మాటల్లేవు. ఫ్రాయిడ్ 1917లో శోకం గురించి రాసిన వ్యాసంలో పోయిన మనిషి మిగిలేది ఏడ్చేవాడి మనసులోనే. సవరలకు ఆ మనిషి బయట, నలుగురి మధ్య, కల్లు ముంత పక్కన ఉంటాడు.

పైగా పూనకం వచ్చే ఆ స్త్రీకి కింది లోకంలో ఒక భర్త, పిల్లలు ఉంటారు. వెరియర్ ఎల్విన్ 1955 నాటి తన పెద్ద గ్రంథంలో ఈ పెళ్లిళ్ల గురించి వివరంగా రాశాడు. పగలు పోడులో కలుపు తీసి, రాత్రి ఆ లోకపు మొగుడి దగ్గరికి వెళ్లి వచ్చే ఆడది ఆలిస్ హిండ్‌మన్‌కు ఎంత దూరం!

వీటికి ఖర్చు మాత్రం మామూలుది కాదు. దున్నపోతులు కోయాలి, బియ్యం, కల్లు పోయాలి, అప్పు చేయాలి. షావుకారు దగ్గర పత్రం రాసిన కుటుంబాలు శ్రీకాకుళం కొండల్లో ఎలా చితికాయో 1967 తర్వాతి గిరిజన పోరాటాల చరిత్ర చదివినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. సవరల మీద విటెబ్‌స్కీ రెండో పుస్తకం 2017లో వచ్చింది, పేరు ‘లివింగ్ వితౌట్ ద డెడ్’. తొలినాళ్లలో తాను చూసిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు, బడికి వెళ్లారు, చాలామంది బాప్టిస్టులయ్యారు. చర్చిలో కీర్తన ఉంది, ప్రార్థన ఉంది, తిరిగి కలుస్తామన్న ఆశ ఉంది, కాని పోయినవాళ్లు మాట్లాడరు. ఆ పుస్తకం నిండా ఆయన దిగులే. నాకు ఆ దిగులు కాస్త ఎక్కువనిపించింది. అధికారి ముందు, వడ్డీ వ్యాపారి ముందు తలెత్తుకుని చదవడం రాయడం నేర్చుకోవాలనుకున్న కుర్రవాడికి దున్నపోతు అప్పు కంటే బైబిలు చవక. ఆ లెక్క వాడికి తెలుసు.

చవకబేరంలో పోయిందేమిటో మాత్రం కనబడుతూనే ఉంది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వలస కూలీలు చాలామంది. సవరల్లో పోయినవాడు ఎలా పోయాడన్నదాన్ని బట్టి అతను చేరే చోటు ఉంటుంది. మశూచికి ఒకటి, చిరుతకు ఒకటి, మీది నుంచి పడి, దెబ్బ తగిలి పోయినవాళ్లకు సూర్యుడి దగ్గర. పాత రోజుల్లో అయితే చెన్నై కాంక్రీటు కింద పోయినవాడిని కూడా పిలిచి కూర్చోబెట్టి, ఎందుకెళ్లావురా అంత దూరం అని అడిగి ఉండేవారు. ఇప్పుడు అంబులెన్సు వస్తుంది, పరిహారం చెక్కు వస్తుంది, ఇంట్లో ఆడమనిషి కిటికీ దగ్గర నిలబడుతుంది.

మన తెలుగు కథ ఈ కొండల మీద భూమిని రాసింది, అప్పును రాసింది, తుపాకీని రాసింది, బాగానే రాసింది. ఆ కిటికీ దగ్గరి మనిషిని ఇంకా సరిగా రాయలేదు. అది బయటి నుంచి వెళ్లిన మనం రాసేదీ కాదు. ఓ. హెన్రీ కథలు ఎలాగూ మన పాఠ్యపుస్తకాల దాకా వచ్చాయి. చివర్లో మెలిక తిప్పి కళ్లు తుడిపించే ఆ కథలు ఒక ఏడాది పక్కన పెట్టి, సీతంపేట డిగ్రీ కాలేజీ ఇంగ్లిషు తరగతిలో ‘హోమ్ బరియల్’ చెప్పమనండి. ఆ మెట్ల మీది గొడవను సవరలో తిరగరాయమని పిల్లలకు ఇవ్వండి. ఫ్రాస్ట్ కవితలో ఇద్దరే మాట్లాడతారు, వీళ్లు బిడ్డను కూడా పిలుస్తారు. తనను పూడ్చి వచ్చి కంచె గురించి ఎందుకు మాట్లాడావని వాడే నాన్నను అడుగుతాడు, ఆయన జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.