దరఖాస్తు రాసే చెయ్యి

మొన్న నిజామాబాద్‌ ఫులాంగ్ చౌరస్తాలో మీటింగు అయినంక ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి అడిగిండు. "సారూ, ఊర్లల్ల ఇన్ని తిప్పలున్నయి. మీరేమో కథలు, వ్యాసాలు రాసుకుంట కూసుంటరు. గట్లయితే ఉద్యమం ఎట్ల నడుస్తది?" ఎత్తిపొడుపుగా అడగలేదు, నిజంగనే అడిగిండు. నేను బస్సు టైమయిందని చెప్పి తప్పించుకున్నాను. బోధన్ దాకా ఆ మాటే చెవుల్లో తిరిగింది. అప్పుడు చెప్పని జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

మా వాడలో "రాసేటోడు" అంటే కవి కాదు, కథకుడు అంతకంటే కాదు. దరఖాస్తు రాసేటోడు. పింఛను ఆగిపోయినా, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కకపోయినా, కుల సర్టిఫికెట్ల ఇంటి పేరు తప్పు పడినా మా అరుగు మీదికే వస్తారు. అంతా ఆన్‌లైన్ అయింది గదా అంటారు చదువుకున్నోళ్ళు. ఆన్‌లైన్ల పని ఆగిపోయింది అని చెప్పుకోవడానికి కూడా మళ్ళా కాగితమే కావాలె! సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణి ఉంటే ఆదివారం రాత్రి మా ఇల్లే ఒక ఆఫీసు. మా నాయన చెరుకు కొట్టిన మనిషి. చచ్చేదాకా ఏలిముద్రే వేసిండు. ఆయన కొడుకు డిగ్రీ చదివి, బి.ఇడి. చేసి, పంతులయిండు కాబట్టి వాడందరి కలం వాని చేతిలో ఉండాలె అనుకుంటారు. అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఇదివరకు ఇవన్నీ నా రాతకు అడ్డం అనుకునేవాణ్ణి. రెండు పేజీలు రాద్దామని కూర్చుంటే "సారు ఉన్నడా?" అని గుమ్మంలో పిలుపు. కోపం వచ్చేది. అబద్ధం ఎందుకు, ఒకసారి ఇంట్లో ఉండి కూడా లేడని చెప్పించిన. ఆ రోజు ఒక్క ముక్క కూడా రాయలేకపోయాను.

నాకంటూ మిగిలేది రాత్రి పది దాటినంక. పిల్లలు పడుకుంటారు. నా భార్య ఒడిలో చాట పెట్టుకొని మిగిలిన బీడీలు చుడుతుంటది, అదే లైటు కింద నేను రాస్తుంటాను. కత్తెర చప్పుడుకు నా కలం నడుస్తది. ఆమె చుట్టినదానికి వారం తిరిగేసరికి పైసలొస్తయి. నేను రాసినదానికి కవరు, స్టాంపు ఎదురు ఖర్చు. ఆమె ఈ లెక్క ఎన్నడూ ఎత్తలేదు గానీ నాకు తెల్వదా?

అయినా ఎందుకు రాస్తున్నానంటే ఒక సంగతి చెప్పాలె. మా నాయన మీద రాస్తూ, చెరుకాకు కోసుకుపోయిన చేతికి చెమట తగిలితే "మండింది" అని రాసిన. ఎన్నిసార్లు చదివినా అది మా నాయన చెయ్యి అనిపించలేదు. తెల్లారి అమ్మను అడిగితే నవ్వింది. "మండుడు మిరపకాయకురా. చెరుకాకు కోస్తే సుర్రుమంటది." అంతే! ఆ ఒక్క మాట దొరికినందుకు ఆ రోజంతా బడిలో పిల్లల మీద కేక వెయ్యలేదు. నెల జీతం పడిన రోజు కూడా నాకు అంత సంతోషం ఉండదు.

ఆ మాట ఎందుకంత అవసరం? బోధన్ అంటే అందరూ షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ అంటారు. 1937లో నిజాం కాలంలో పెట్టిన ఫ్యాక్టరీ, ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ. 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఇదంతా కాగితాల మీద ఉంది. ఎన్ని టన్నుల చెరుకు ఆడింది, ఎన్ని బస్తాల చక్కెర పోయింది, అంతా ఏదో ఒక పద్దులో దొరుకుతది. చెరుకు కొట్టిన చెయ్యి సుర్రుమన్న సంగతి మాత్రం ఏ పద్దులోనూ లేదు. ఫ్యాక్టరీ మూతపడ్డది, మా నాయన పోయిండు, ఆయన ఈడువాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. బడిలో నేను చెప్పే పాఠంలో నిజాంసాగర్ ఉంటది, చెరుకు పంట ఉంటది, మేముండం.

రాసినదాన్ని బయటికి పంపితే ఏమయితది? కొన్నేండ్ల కింద బీడీలు చుట్టే ఆడవాళ్ళ మీద కథ రాసి ఒక పెద్ద పత్రికకు పంపిన. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఇతివృత్తం బాగున్నదట, భాష "అందరికీ అర్థమయ్యేలా" మార్చాలట. అందరు అంటే ఎవరయ్యా? తునికాకు కత్తిరించేటోళ్ళు అందరిలో లేరా? కార్ఖానలో మునిషి మంచియి ఒక దిక్కు, పనికిరానియి ఒక దిక్కు ఏరేసినట్టు మా మాటలు ఏరేసిండ్రు. మార్చలేదు. ఆ కథ అచ్చు కూడా కాలేదు. బాధ లేదని చెప్పను. పేరు అచ్చులో చూసుకోవాలని ఏ రాసేవానికి ఉండదు?

అంబేద్కర్‌కు తప్పిందా? 1920లో మూక్‌నాయక్ పెట్టినప్పుడు, పైసలిస్తాం ప్రకటన వెయ్యండని అడిగితే తిలక్ పెట్టిన కేసరి పత్రిక వెయ్యలేదు. 1936లో లాహోర్ సభకు రమ్మని పిలిచిన జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్ళు ఆయన రాసిన ఉపన్యాసం చూసి సభే రద్దు చేసుకున్నారు. ఆయన ఆ కాగితాలు బీరువాలో పెట్టుకొని ఏడవలేదు. తన పైసలతో 1,500 ప్రతులు అచ్చు వేయించిండు, రెండు నెలల్లో అయిపోయినయి. కులనిర్మూలన అని మనం ఇప్పుడు చదివే పుస్తకం అదే. ఇక జాషువా, మన పంతుళ్ళలో పెద్ద పంతులు, మాటల్లేని సినిమాలు ఆడే రోజుల్లో రాజమండ్రిలో తెర ముందర నిలబడి జనానికి కథ చదివి వినిపించేవాడు. 1941లో గబ్బిలం రాసినాయన అంతకు ముందే చదువు రానివాళ్ళ చెవుల కోసం గొంతు చించుకున్న మనిషి. ఈ సంగతి తెలిసినంక నాకు ఒక దారి దొరికింది.

ఆ తిరిగొచ్చిన కథను మా వాడలోనే చదివిన. ఎనిమిది మంది ఆడవాళ్ళు చాటలు ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు, చేతులు ఆగలేదు. రెండో పేజీలో ఒకామె అడ్డం తగిలింది. "సారూ, ఆకు తడిపినంక కత్తిరిస్తరు గానీ కత్తిరిచ్చినంక తడుపుతరా? ఇంట్ల బీడీలు చేసే పెండ్లాం ఉండి గిట్ల రాసినవేంది?" అందరూ పడిపడి నవ్విండ్రు, నా భార్య అందరికన్నా ఎక్కువ. ఆ పెద్ద పత్రిక వాళ్ళు మాత్రం ఈ తప్పు పట్టలేదు.

ఇప్పుడు తమ్ముడు అడిగిన అసలు సంగతికి వస్తాను. దరఖాస్తు పని ఒకటి, కథ ఒకటి అని నేను కూడా అనుకున్న, ఒక పెద్దమ్మ వచ్చేదాకా. ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన మనిషి. శాన ఏండ్లు అత్త పేరు మీది పుస్తకంలనే ఆమె బీడీలు ఎక్కినయి. బీడీ కార్మికుల భృతికి 2014 ఫిబ్రవరి 28 నాటికి పి.ఎఫ్. ఉండాలని సర్కారు గీత గీసింది. ఈమెకు నంబరు వచ్చింది ఆ తర్వాత. దరఖాస్తు రాసి చదివి వినిపించిన. "నిరుపేదరాలను, తమరు దయతలచి..." అనంగనే చెయ్యి అడ్డం పెట్టింది.

"దయ ఎందుకు రాసినవ్ కొడుకా? నేనేమన్న బిచ్చమడుగుతున్ననా?"

ఇరవై ఏండ్లుగా ఆ మాట రాస్తున్నాను. ఒక్కనాడు కూడా నాకు తట్టలేదు. కథల్లో తల ఎత్తి మాట్లాడే చెయ్యి దరఖాస్తులో వంగి వంగి దండాలు పెడుతున్నది! కొట్టేసి కొత్తగా రాసిన: "ముప్పై సంవత్సరాలు బీడీలు చుట్టినాను. నాకు రావలసిన భృతి ఇప్పించవలెను." ఆఫీసులో టేబుల్ కాడి మనిషి చదివి నా మొహం చూసిండు. దరఖాస్తు ఇట్లా రాస్తరా, నువ్వు పంతులువేనా అని వెనక్కి ఇచ్చిండు. నాకు రోషం వచ్చింది. పెద్దమ్మే నన్ను వరండాలోకి గుంజింది. "రాయి కొడుకా, వాని కాడ వాని మాటనే రాయి. ముందుగాల పైసలు రానీ. నీ పత్రికల మాత్రం గట్ల రాయకు."

రాసిచ్చిన. పైసలు ఇంకా రాలేదు.

కాబట్టి తమ్ముడా, నేను కూసుండి రాసేది ఆ దయ అనే మాట కొట్టేయడానికే. మన మీటింగుల లెక్క చూడు. టెంటుకు పద్దు ఉంటది, మైకుకు ఉంటది, దండలకు ఉంటది, రాతకు మాత్రం ఉండదు. పైసలు అడుగుతలేను. ఊరికి ఇద్దరు ఇంటర్ పాసయిన పిల్లల్ని పంపండి, దరఖాస్తు రాయడం నేను నేర్పుతా. ఆడపిల్లలయితే ఇంకా మంచిది, అత్త పుస్తకంల కోడలి బీడీలు ఎక్కే సంగతి వాళ్ళకు వివరించే పని ఉండదు. వారానికి రెండు రాత్రులు నాకు మిగిలితే చాలు.

వచ్చే ఆదివారం నువ్వే మా వాడకు రా. ఈ వ్యాసం చాటల ముందర చదువుతా, ఏమంటరో నువ్వే విందువు. వచ్చేటప్పుడు టార్చిలైటు తెచ్చుకో. మా గల్లీ స్తంభానికి బల్బు మాడిపోయి నెల దాటింది. దానికి కూడా దరఖాస్తు రాసిన.