ఏటి నీరే దిక్కు

పిల్లలూ! గోదావరికి ఎర్రనీరు రాగానే పులస చేప సముద్రం విడిచి ఏటికి ఎదురీదుతూ వస్తుందని మీరు వినే వుంటారు. అది గుడ్లు పెట్టటానికే అంత శ్రమపడి వస్తుంది. అమెరికా ఖండంలో కూడా ఇటువంటి ప్రయాణం చేసే చేప వున్నది. దాని పేరు సాల్మన్.

కెనడా కొండల్లో పుట్టి, అమెరికా దేశపు వాయవ్య భాగం మీదుగా పారి, పసిఫిక్ మహాసముద్రంలో కలిసే నది కొలంబియా. అక్టోబరు, నవంబరు నెలల్లో చినూక్ అనే జాతి సాల్మన్‌లు ఈ నదిలో గుడ్లు పెడతవి. తల్లి చేప పక్కకు వాలి, తోకతో ఏటి అడుగును కొట్టి, గులకరాళ్ళలో గుంట చేస్తుంది. అందులో వేలకొద్దీ గుడ్లు పెట్టి, మళ్ళీ గులకరాళ్ళే కప్పుతుంది. ఆ తరవాత కొద్ది రోజులకే తల్లీ తండ్రీ కూడా చచ్చిపోతవి. ఇక ఆ గుడ్లను కాపాడేదెవరు? ఏటి నీరే!

గుడ్లకు కూడా ప్రాణవాయువు కావాలి. రాళ్ళ సందుల్లోంచి పారే చల్లని నీరు దానిని తెచ్చి ఇస్తుంది. నీటికి వడి తగ్గితే ఒండ్రు పేరుకుని సందులు మూసుకుపోతవి, గుడ్లకు ఊపిరాడదు. నీటి మట్టం పడిపోతే గుడ్లు ఎండిపోతవి. అప్పుడప్పుడు వరద వచ్చి ఒండ్రును కడిగివేయటం మంచిదే. కాని గుడ్లున్నప్పుడు మరీ పెద్ద వరద వస్తే రాళ్ళతోబాటు గుడ్లు కూడా కొట్టుకుపోతవి.

గుడ్లు పగిలి వచ్చిన పిల్లలకు పొట్టకింద చిన్న సంచి వుంటుంది. అది తల్లి కట్టి ఇచ్చిన సద్దిమూట అనుకోండి! అది అయిపోయేదాకా అవి రాళ్ళ సందుల్లోనే వుంటవి. వసంతకాలంలో బయటికి వచ్చి సొంతంగా తిండి వెతుక్కుంటవి.

"అంత పెద్ద నదిలో వేలెడంత చేపపిల్లకు చోటు కరువా?" అని మీరడగవచ్చు. దీనికి జవాబు మీరే కనుక్కోవచ్చు. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఒక చిన్న పిల్లకాలవ దగ్గరికి వెళ్ళి, ఎండుటాకులు వేసి చూడండి. నడిమధ్య వేసిన ఆకు పరుగెత్తుతుంది. గట్టువార వేసినది మెల్లగా పోతుంది. పెద్ద రాయి వెనక పడినది అక్కడే గిరగిర తిరుగుతుంది. చూశారా? ఒకే కాలవలో ఎన్ని రకాల నీళ్ళో!

సాల్మన్ పిల్లకూ, దాని చుట్టమైన ట్రౌట్ పిల్లకూ ఈ సంగతి బాగా తెలుసు. నడి ఏట్లో ఎదురీదితే తిన్నదంతా ఈదటానికే సరిపోతుంది. అందుకని అవి రాయిచాటునో, మునిగిన దుంగ చాటునో, గట్టువారనో ఎగువకు మొహం పెట్టి నిలుస్తవి. వడినీటిలో పురుగు కొట్టుకు వస్తే చటుక్కున వెళ్ళి పట్టుకుని, మళ్ళీ చాటుకు వస్తవి. వడి మరీ ఎక్కువైతే నిలవలేవు. మరీ తక్కువైతే పురుగులు కొట్టుకురావు. నీరు వేడెక్కి అందులో ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. కనక లోతూ, వడీ, చల్లదనం, చాటూ అన్నీ అమరిన చోటే చేపపిల్లకు ఇల్లు. నీరు పెరిగినా తగ్గినా ఆ ఇల్లు చోటు మారుతుంది.

కొలంబియా నది మీద ప్రీస్ట్ రాపిడ్స్ అనే ఆనకట్ట వున్నది. అక్కడ నీటితో విద్యుచ్ఛక్తి తీస్తారు. పగలు జనం కరెంటు ఎక్కువ వాడతారు గనక నీరు ఎక్కువ వదలటం, రాత్రి తగ్గించటం మామూలు. మనకు అది ఒక మీట నొక్కటమే. కాని దిగువన వెర్నిటా బార్ అనే గులకరాళ్ళ మేటమీద ఏం జరుగుతుంది? పగలు నీరు ఎక్కువగా వుంటే చేపలు మెరకమీద గుడ్లు పెడతవి. తరవాత నీరు తీస్తే అవి ఎండిపోతవి. వసంతంలో నీరు హఠాత్తుగా తీస్తే, గట్టువార వున్న పిల్లలు గుంటల్లో చిక్కుకుంటవి. ఎండకు నీరు కాగుతుంది, పక్షులు వచ్చి వాలతవి.

దీనికి ఉపాయం చేపల అలవాటులోనే దొరికింది. చినూక్‌లు ఎక్కువగా పగటిపూటే గుంటలు తవ్వుతవి. ఆనకట్టలు నడిపేవారూ, చేపల బాగోగులు చూసే అధికారులూ కలిసి 1988లో ఒక ఒప్పందం చేసుకున్నారు. గుడ్లు పెట్టే కాలంలో పగలు నీరు తక్కువగానూ, రాత్రి ఎక్కువగానూ వదలాలి. అప్పుడు చేపలు పల్లంలోనే గుడ్లు పెడతవి. పిల్లలు బయటికి వచ్చేదాకా ఆ గుడ్లపై నీరు తగ్గకుండా చూడాలి. 2004లో ఒప్పందాన్ని విస్తరించి, వసంతంలో పిల్లలకోసం నీటి హెచ్చుతగ్గులకు కూడా హద్దులు పెట్టారు.

ఆనకట్టను తీసివేయలేదు, దీపాలూ ఆరిపోలేదు. నీరు ఎంత వదలాలన్నదే కాక, ఎప్పుడు వదలాలన్నది కూడా ఆలోచించారు, అంతే. ఈసారి కాలవలో ఆకు వేసినప్పుడు, రాయి వెనక కాస్త తొంగిచూడండి. అక్కడ ఎవరు కాపరమున్నారో!